‘ఈ క్షణంలో జీవించు’ అంటే రేపటిని వదిలేయమనా?

క్లుప్తంగా: ‘వర్తమానంలో జీవించడం’ అన్న మాట బౌద్ధంలోని ‘సతి’ అనే సాధన దగ్గర మొదలై ఆసుపత్రులు, ఆఫీసులు, ఫోన్ యాప్‌ల దాకా వచ్చింది. ఈ దారిలో దాని అర్థం సగం జారిపోయింది. సతి అన్న మాటకు మొదటి అర్థం జ్ఞాపకం. గతాన్ని చెరిపేయమని, రేపటి లెక్కలు వేసుకోవద్దని పాత గ్రంథాలు చెప్పలేదు. మనసు ఎటు వెళ్లిందో తెలుసుకోమన్నాయి. ఆందోళన తగ్గడంలో, డిప్రెషన్ తిరగబెట్టకుండా చూడడంలో ఈ సాధన ఓ మోస్తరు మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందరికీ, అన్నిటికీ ఇదే మందని మాత్రం చెప్పడం లేదు.

ఇంటికి తాళం వేసి, బస్టాప్ దాకా నడిచాక ‘ఇంతకీ తాళం వేశానా?’ అన్న అనుమానం రావడం దాదాపు అందరికీ తెలిసిందే. వెనక్కి వెళ్లి చూస్తే తాళం వేసే ఉంటుంది. చెయ్యి తన పని తాను చేసింది. మనసు మాత్రం అప్పుడు ఆఫీసులోనో, బ్యాంకు కిస్తీ దగ్గరో, రాత్రి ఇంట్లో జరిగిన గొడవ దగ్గరో ఉంది. దీన్ని తెలుగులో పరధ్యానం అంటారు. చాలా లోతైన మాట అది. ధ్యానం లేకపోవడం అనలేదు, వేరేదాని మీద ధ్యానం అన్నారు. మనసు ఎప్పుడూ ఏదో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. చేతిలో ఉన్న పనిని వదిలి ఇంకోదాన్ని పట్టుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏటా డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని ముందుకు తెచ్చిన దేశాల్లో భారత్ కూడా ఉంది. అంతకు చాలా ముందు నుంచే ‘ఈ క్షణంలో ఉండు’ అన్న సలహా పొద్దున్నే ఫోన్‌లో వచ్చే సూక్తుల్లోనూ, ఉద్యోగుల శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తోంది. గతం గడిచిపోయింది, రేపు మన చేతిలో లేదు కాబట్టి ఆ రెంటినీ వదిలేయాలన్నది దాని సారాంశం. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ వచ్చే నెల పిల్లల ఫీజు కట్టాల్సిన తండ్రి, నారు పోసి వాన కోసం ఎదురుచూస్తున్న రైతు రేపటి గురించి ఆలోచించకుండా ఎలా ఉంటారు? అలా ఉండలేకపోవడం ఆధ్యాత్మికంగా వెనకబడటమా? చాలామందిని తికమక పెడుతున్నది ఈ ప్రశ్నే.

తాళం సంగతి ఎందుకు గుర్తుండదు

బాగా అలవాటైన పనికి మెదడు పెద్దగా శ్రద్ధ పెట్టనక్కర్లేదు. సైకిల్ తొక్కడం, చపాతీ ఒత్తడం, రోజూ వెళ్లే దారిలో బండి నడపడం ఒకప్పుడు కష్టపడి నేర్చుకున్నవే. పదేపదే చేశాక మెదడు లోపలి పొరల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగాల సాయంతో అవి వాటంతట అవే సాగిపోతాయి. ఈ ఏర్పాటు లేకపోతే మనిషి చెప్పుల పట్టీ పెట్టుకోవడానికే అలసిపోతాడు. అలవాటు వల్ల ధ్యాస ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ అయిన ధ్యాస పాత గొడవల్లోకో, రాబోయే టెన్షన్‌లోకో వెళ్లి కూర్చుంటుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ధ్యాస పెట్టని పని జ్ఞాపకంగా గట్టిపడదు. బస్టాప్‌లో నిలబడ్డ మనిషి తాళం వేసిన సంగతి మరిచిపోలేదు. అది అసలు మనసులో నమోదే కాలేదు. జపాన్ రైల్వే సిబ్బంది సిగ్నల్‌ను, మీటర్‌ను వేలితో చూపిస్తూ, అది ఏం చూపిస్తోందో పైకి చెబుతారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చిన్న చిన్న పనులు చేయించి చూస్తే, ఇలా చూపిస్తూ చెప్పినప్పుడు తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి. మన రైళ్లలోనూ లోకో పైలట్, సహాయకుడు ప్రతి సిగ్నల్‌ను ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు. కన్ను, చెయ్యి, నోరు ఒకే పని మీదికి వచ్చినప్పుడు మనసు కూడా అక్కడికే వస్తుంది. తాళం వేసేటప్పుడు ‘వేస్తున్నాను’ అని ఒక్కసారి పైకి అనుకుంటే బస్టాప్‌లో అనుమానం రాకపోవడానికి కారణం కూడా ఇదే.

అంటే వర్తమానంలో ధ్యాస పెట్టడానికీ, తర్వాత గుర్తుండటానికీ దగ్గర చుట్టరికం ఉంది. ‘ఇప్పుడు’ అన్నది జ్ఞాపకానికి శత్రువన్నట్టు మాట్లాడే ధోరణి మొదటి మెట్టులోనే దారి తప్పింది. పాత గ్రంథాల్లోకి వెళితే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

సతి అన్న మాట కథ

ఈ కాలంలో మైండ్‌ఫుల్‌నెస్ అని పిలుస్తున్నదానికి మూలం పాలీ భాషలోని ‘సతి’. సంస్కృతంలో అదే ‘స్మృతి’. జ్ఞాపకం అని తెలుగువారందరికీ తెలిసిన మాటే. సింహళంలో ఉద్యోగం చేసి పాలీ నేర్చుకున్న రైస్ డేవిడ్స్ 1881లో తన అనువాదాల్లో సతికి మైండ్‌ఫుల్‌నెస్ అన్న ఇంగ్లిష్ మాట వాడాడు. అదే నిలిచిపోయింది. ఆ మాట తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి లోపలి ‘స్మృతి’ కనిపించకుండా పోయింది.

జ్ఞాపకం అన్న మాటను వర్తమానంలోని ఎరుకకు ఎందుకు వాడారు? మిళింద ప్రశ్నలు అనే పాలీ గ్రంథంలో నాగసేన భిక్షువు దీనికి ఒక పోలిక చెబుతాడు. చక్రవర్తి కోశాధికారి పొద్దునా సాయంత్రం రాజు దగ్గరికి వెళ్లి ‘ప్రభూ, మీకు ఇన్ని ఏనుగులున్నాయి, ఇన్ని గుర్రాలున్నాయి, ఇంత బంగారం ఉంది’ అని గుర్తుచేస్తాడు. సతి చేసే పని అది. మనిషికి తన దగ్గర ఏముందో, ఏది మేలో, ఏది కీడో మరిచిపోకుండా చూస్తుంది. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో మరో పోలిక ఉంది: సరిహద్దు కోట ద్వారం దగ్గర నిలబడ్డ తెలివైన కావలివాడు. తెలిసినవారిని లోపలికి రానిస్తాడు, తెలియనివారిని ఆపుతాడు. అతను ద్వారం దగ్గరే, ఇప్పుడే నిలబడి ఉండాలి. అయితే ఎవరు తనవారో, ఎవరు పరాయివారో అతనికి జ్ఞాపకం ఉండాలి. వర్తమానం, జ్ఞాపకం రెండూ లేకపోతే కావలి సాగదు.

సతిపట్ఠాన సుత్తం (సుత్తం అంటే బుద్ధుడి బోధ) ఈ కావలిని నాలుగు చోట్ల పెట్టమంటుంది: శరీరం, వేదనలు, చిత్తం, ధర్మాలు (మనసులో మెదిలే విషయాలు). ఇక్కడ వేదన అంటే బాధ కాదు. ఏ స్పర్శ, ఏ ఆలోచన తగిలినా వెంటనే కలిగే సుఖం, దుఃఖం, రెండూ కాని స్థితి. సాధకుడికి ఉండాల్సిన లక్షణాల్లో సతితోపాటు పట్టుదలను, సంపజఞ్ఞం అనే ఇంకోదాన్నీ ఆ సుత్తం జోడిస్తుంది. ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో స్పష్టంగా తెలిసి ఉండటమే సంపజఞ్ఞం. ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి. ఈ రోజుల్లో ప్రచారంలో ఉన్న పాఠాల్లో ఎక్కువగా జారిపోయింది ఇదే.

గతం వెంట పరుగెత్తడం అంటే ఏమిటి

‘గతాన్ని వెంటాడవద్దు, రానిదాని కోసం ఆశపడవద్దు’ అన్న బోధ నిజంగానే బుద్ధుడి పేరుతో ఉంది. మజ్ఝిమ నికాయం అనే మరో సంకలనంలో 131వది, భద్దేకరత్త సుత్తం. అయితే ఆ సుత్తం పద్యంతో ఆగిపోదు. గతాన్ని వెంటాడటం అంటే ఏమిటో వెంటనే వివరిస్తుంది. ‘నాకు అప్పట్లో ఇలాంటి రూపం ఉండేది’ అని తలచుకుని అందులో మురిసిపోతూ ఉండిపోవడం. రేపటి కోసం ఆశపడటం అంటే ‘నాకు అలాంటి రూపం రావాలి’ అని అందులోనే మునిగిపోవడం. అంటే అక్కడ వద్దన్నది తగులుకోవడాన్ని. జరిగినదాన్ని గుర్తుచేసుకోవడం, దాని నుంచి నేర్చుకోవడం ఆ నిషేధంలో లేవు. పైగా అదే పద్యం ‘చేయాల్సిన పని ఇవాళే చేయాలి, రేపు చావు రాదని ఎవరికి తెలుసు’ అని తొందరపెడుతుంది. ఆ ధోరణిలో తీరుబడిగా కూర్చుని ఈ క్షణాన్ని అనుభవించమన్న మాట ఎక్కడా లేదు.

దీనికి ఇంకా గట్టి రుజువు సింగాలోవాద సుత్తం. సింగాలుడు అనే గృహస్థుడికి బుద్ధుడు బతుకుతెరువు గురించి చెప్పిన మాటలవి. సంపాదనను నాలుగు భాగాలు చేయాలి. ఒక భాగం అనుభవించాలి, రెండు భాగాలు పనిలో పెట్టాలి, నాలుగోది ఆపద కాలానికి దాచాలి. వర్తమానంలో ఉండమన్న గురువే రేపటికి పొదుపు చేయమన్నాడు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ఇంటి ఖర్చులు, అప్పు, వడ్డీ కాగితం మీద రాసుకుని గంటసేపు లెక్క తేల్చుకునే మనిషి ఆ గంటసేపూ వర్తమానంలోనే ఉన్నాడు. అతను చేస్తున్న పని పేరే రేపటి ఆలోచన. అవే అంకెలు అర్ధరాత్రి రెండింటికి మంచం మీద పదోసారి తిరుగుతుంటే మాత్రం అది లెక్క కాదు. దాని నుంచి కొత్తగా ఏదీ తేలదు. నిద్ర పోతుంది, అప్పు అలాగే ఉంటుంది.

భగవద్గీత రెండో అధ్యాయంలో ఇదే మానసిక గొలుసు ఇంకో రూపంలో కనిపిస్తుంది. విషయాలనే తలచుకుంటూ ఉంటే వాటి మీద సంగం (తగులం) పుడుతుంది, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి సమ్మోహం, సమ్మోహం నుంచి స్మృతి విభ్రమం, ‘స్మృతిభ్రంశాద్బుద్ధినాశః’, అంటే స్మృతి చెదిరితే బుద్ధి నశిస్తుంది. ఈ శ్లోకాన్ని నీతిగా వల్లెవేసేవారు ఎక్కువ, యంత్రంలా విప్పి చూసేవారు తక్కువ. మొదటి మెట్టు ‘ధ్యాయతః’, అంటే ఒకదాన్నే నెమరువేయడం. చివరిదానికి ముందు మెట్టు స్మృతి చెదిరిపోవడం. కోపంలో మనిషి ఎదుటివాడు తన తమ్ముడని, నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నామని మరిచిపోతాడు. ఇక్కడ కూడా వర్తమానంలోంచి జారిపోవడం, జ్ఞాపకం పోవడం ఒకేసారి జరుగుతున్నాయి. పాలీ, సంస్కృత సంప్రదాయాలకు సిద్ధాంతంలో పెద్ద తేడాలున్నా, మనసు నడక గురించి రెండూ చూసినది ఒకటే.

బర్మా మఠం నుంచి అమెరికా ఆసుపత్రి దాకా

చాలా శతాబ్దాలు ఈ సాధన ఎక్కువగా భిక్షువుల చేతుల్లోనే ఉంది. అది సంసారుల దగ్గరికి రావడానికి ఒక రాజకీయ కారణం ఉంది. 1885లో బ్రిటిష్‌వారు బర్మా రాజును దించాక, రాజు అండ లేని బౌద్ధం నిలవాలంటే మామూలు జనమే దాన్ని మోయాలని లెడి సయడో (1846–1923) అనే భిక్షువు భావించాడు. రైతులకు, వ్యాపారులకు కూడా ధ్యానం నేర్పించాడు. ఆ పరంపరలో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ వచ్చాడు. ఆయన శిష్యుడు, బర్మాలో పుట్టిన భారతీయ వ్యాపారి సత్యనారాయణ గోయెంకా (1924–2013) తలనొప్పికి మందు వెతుక్కుంటూ ధ్యానం దగ్గరికి చేరి, 1969లో దాన్ని విపశ్యన పేరుతో భారతదేశానికి తెచ్చాడు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ దారిలో ఉన్న ధమ్మఖేత్త కేంద్రం ఆ పరంపరదే. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేలకు ఈ సాధన బర్మా మీదుగా తిరిగి రావడం చరిత్రలో ఒక పెద్ద చుట్టు.

బర్మాలోనే మహాసి సయడో ఇంకో పద్ధతి నేర్పాడు. పొట్ట పైకి లేస్తే ‘లేస్తోంది’, కిందికి దిగితే ‘దిగుతోంది’, ఆలోచన వస్తే ‘ఆలోచన’ అని మనసులో పేరు పెట్టడం. జపాన్ రైల్వే ఉద్యోగి సిగ్నల్‌ను పైకి చెప్పడానికీ దీనికీ లక్ష్యం వేరు, పనిచేసే తీరు మాత్రం దగ్గరగా ఉంటుంది.

1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, మందులతో తగ్గని దీర్ఘకాలిక నొప్పులున్న రోగులకు కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టాడు. బౌద్ధం పేరు ఎత్తకుండా, మతంతో పని లేకుండా నేర్పడం ఆయన ఉద్దేశం. ఒక్క ఎండుద్రాక్షను చేతిలోకి తీసుకుని చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలడం ఆ తరగతిలో పేరుపడ్డ అభ్యాసం. నొప్పిని పోగొడతామని ఆయన మాట ఇవ్వలేదు. నొప్పి ఒకటి, ‘ఇది ఇక తగ్గదు, నా బతుకింతే’ అన్న ఆలోచన ఇంకొకటి. రెండోది మొదటిదాన్ని పెంచుతుంది. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే మోయాల్సిన బరువు కొంత తగ్గుతుంది. ఆయన శిక్షణకు ఆయువుపట్టు ఇదే.

దాన్ని ఆధారం చేసుకుని సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు డిప్రెషన్ నుంచి కోలుకున్నవారి కోసం ఒక చికిత్స తయారుచేశారు. డిప్రెషన్ ఒకసారి వచ్చినవారికి చిన్న దిగులు కలిగినా పాత ఆలోచనల గొలుసు మొత్తం లేస్తుంది. ‘నేను పనికిరాను’ అన్న ఆలోచన వచ్చినప్పుడు దాన్ని నిజంగా తీసుకోకుండా ‘ఒక ఆలోచన వచ్చింది’ అని గుర్తిస్తే గొలుసు అక్కడ తెగుతుంది. 2000లో వెలువడిన వారి మొదటి పరీక్షలో, అంతకుముందు మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారిలో అది తిరగబెట్టడం 66 శాతం నుంచి 37 శాతానికి తగ్గింది. 2004లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఆ చికిత్సకు చోటు దక్కింది.

మనసు తిరుగుడు తప్పేనా

2001లో మార్కస్ రైకల్ బృందం మెదడు గురించి ఒక విచిత్రమైన సంగతిని స్పష్టం చేసింది. మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయి. ఈ అల్లికకు డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు. పాత సంగతులు, రాబోయే పనులు, ఇతరులు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఊహలు, మొత్తంగా ‘నేను’ అనే కథ అల్లుకునే పని చాలావరకు ఇక్కడ జరుగుతుంది.

2010లో హార్వర్డ్‌కు చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో అప్పుడప్పుడు పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలాంటప్పుడు వారు తక్కువ సంతోషంగా ఉన్నారు. మనసు ఇష్టమైన సంగతి వైపు వెళ్లినా, పనిలో ఉన్నప్పటికంటే సంతోషం పెరగలేదు.

ఈ అధ్యయనాన్ని ఉదాహరించేవారు ఇక్కడితో ఆపేస్తారు. అదే మనసు తిరుగుడు లేకపోతే వచ్చే వారం పెళ్లికి ఏ రైలు ఎక్కాలో ముందుగా తట్టదు, ఎదుటివారి బాధ ఊహకు అందదు, రాత్రంతా తేలని లెక్క పొద్దున స్నానం చేస్తుంటే తేలదు. మనసును ఒక చోట కట్టేయడం ఎవరి వల్లా కాదు, అవసరం కూడా లేదు. ధ్యానంలో కూర్చున్న కొత్తవారు ‘నాకు ఆలోచనలు ఆగడం లేదు, ఇది నాకు రాదు’ అని లేచిపోవడానికి కారణం ఈ అపోహే. శ్వాస మీద ధ్యాస పెట్టడం, అది జారిపోవడం, జారిపోయిందని తెలియడం, తిరిగి తేవడం. అభ్యాసం అంటే ఈ నాలుగూ కలిపి. మూడోది జరిగిన క్షణమే సతి. అంటే మనసు జారకపోతే సాధనే లేదు. పదిసార్లు జారి పదిసార్లు తెలిసిన మనిషి ఓడిపోలేదు, పదిసార్లు అభ్యాసం చేశాడు.

రీల్స్ చూసేవారు వర్తమానంలో ఉన్నట్టా

ఫోన్‌లో వరసగా రీల్స్ చూస్తున్న మనిషికి గతం గుర్తు రాదు, రేపటి బెంగ ఉండదు. ఎదురుగా ఉన్నది తప్ప ఇంకేదీ తెలియదు. మరి అతను పూర్తిగా వర్తమానంలో ఉన్నట్టే కదా? ‘ఈ క్షణంలో ఉండు’ అన్న మాటను పైపైన తీసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

సంపజఞ్ఞం అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. లీనమవడం వేరు, ఎరుక వేరు. ఫోన్ చూస్తున్న మనిషికి ఏం చూస్తున్నాడో తెలుసు, చూస్తున్నానని తెలియదు. పది నిమిషాలనుకున్నది గంటన్నర అయిందని, మెడ పట్టేసిందని, పక్కన పిల్లవాడు రెండుసార్లు పిలిచాడని తెలియదు. అది అతని వర్తమానం కూడా కాదు, ఇంకెవరిదో. తరువాతి వీడియో దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు సరిగ్గా ఎరుక మేల్కొనే సందును మూసేయడానికే పనికొస్తుంది. పుస్తకంలో అధ్యాయం అయిపోతే, సినిమాలో విశ్రాంతి వస్తే ‘ఇంకా చూడాలా?’ అన్న ప్రశ్నకు చోటు ఉంటుంది. అంతం లేని తెర మీద ఆ చోటు లేదు.

తెలుగువారికి దగ్గరైన మూడు దారులు

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాటలు వినేవారికి కనీసం మూడు రకాల బోధలు కలిసిపోయి వినిపిస్తున్నాయి. ‘శ్వాస మీద ధ్యాస’ అన్న మాటతో ఇంటింటికీ చేరిన ఆనాపానసతి ఒకటి. పాలీ సుత్తంలో ఆనాపానసతికి 16 మెట్లున్నాయి. శ్వాసతో మొదలై వేదనలు, చిత్తం, అనిత్యత దాకా వెళతాయి. శ్వాసను గమనించడం తలుపు మాత్రమే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది రెండో దారి. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసిన ఆయన, పద్ధతి అనేదాన్నే ఒప్పుకోలేదు. పద్ధతిని పట్టుకున్న మనసు రేపు దొరకబోయే ఫలితం కోసం ఇవాళ సాధన చేస్తుంది, కాబట్టి అదీ భవిష్యత్తులో బతకడమే అన్నది ఆయన వాదన. ఏదీ ఎంచుకోకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నారు. ఈ విమర్శలో పదును ఉంది. అయితే మొదలుపెట్టేవారికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వదన్న ఇబ్బందీ ఉంది.

మూడోది రమణ మహర్షిది. ఆ పేరు ఆయనకు పెట్టింది 1907లో తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతి ముని. విపశ్యన అనుభవాలను గమనించమంటే, రమణుల మార్గం గమనిస్తున్నది ఎవరో వెతకమంటుంది. ‘నాకు దిగులుగా ఉంది’ అన్నప్పుడు ఒకరు దిగులును చూడమంటారు, ఇంకొకరు ‘నాకు’ అన్నదాన్ని చూడమంటారు. బౌద్ధంలో చివరికి ఆత్మ అనేది దొరకదు. రమణుల బోధలో ఆత్మ తప్ప ఇంకేదీ మిగలదు. రెంటినీ ఒకే గాటన కట్టి ‘అన్నీ ఈ క్షణం గురించే’ అనడం వల్ల వినేవారికి ఏదీ అందదు. ఇంకా విచిత్రంగా, తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఉన్న అచల సంప్రదాయం ఎరుకను కూడా దాటి ‘బయలు’ను చేరమంటుంది. అక్కడ ఎరుక గమ్యం కాదు, వదలాల్సిన చివరి మూట.

పరిశోధనల మాట ఎంత, ప్రచారం ఎంత

2014లో అమెరికా పరిశోధకులు ధ్యాన శిక్షణల మీద జరిగిన 47 పరీక్షలను, 3,515 మంది సమాచారాన్ని ఒకచోట పెట్టి చూశారు. ఆందోళన, డిప్రెషన్, నొప్పి విషయంలో ఓ మోస్తరు మేలు కనిపించింది. నిద్ర, బరువు, ఏకాగ్రత వంటి వాటిలో గట్టి ఆధారం దొరకలేదు. వ్యాయామం, మందుల వంటి ఇతర చికిత్సలకంటే మెరుగన్న రుజువూ లేదు. 2022లో ఆందోళన రుగ్మతలున్న 276 మందిపై జరిగిన పరీక్షలో 8 వారాల శిక్షణ ఎసిటలోప్రామ్ అనే మందుకు దీటుగా నిలిచింది. అదే ఏడాది బ్రిటన్ పాఠశాలల్లో 8 వేలకు పైగా విద్యార్థులతో జరిగిన పెద్ద అధ్యయనంలో మాత్రం తరగతిలో నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ వల్ల మామూలు బోధనకంటే అదనపు ప్రయోజనం కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో అభ్యాసమే చేయలేదు.

కోరుకుని వచ్చిన పెద్దలకు, శిక్షణ పొందిన గురువు దగ్గర, వారాల తరబడి సాగిన అభ్యాసం పనిచేసింది. గంట కొట్టి అందరినీ ఒకేసారి కూర్చోబెట్టినప్పుడు పనిచేయలేదు. ఈ తేడాను చూడకుండా మన బడుల్లో ధ్యానం పీరియడ్ పెడితే చాలనుకోవడం తొందరపాటు.

నష్టాల గురించి కూడా మాట్లాడుకోవాలి. విపశ్యన శిబిరాల్లో రోజుకు పది గంటల చొప్పున పది రోజులు మౌనంగా కూర్చున్నప్పుడు కొందరిలో పాత భయాలు, చేదు అనుభవాలు ఒక్కసారిగా పైకి వస్తాయి. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారికి, ఘోరమైన సంఘటనలు అనుభవించినవారికి ఇది ప్రమాదం కావచ్చు. శిబిరాల దరఖాస్తుల్లో మానసిక ఆరోగ్యం గురించి అడిగేది అందుకే. అక్కడ నిజం దాచడం, మందులు ఆపేసి శిబిరానికి వెళ్లడం ప్రాణాల మీదికి తెస్తాయి. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

రేపటికి వాయిదా పడ్డ బతుకులు

వర్తమానం చేజారడానికి కారణం ఎప్పుడూ మనిషి మనసులోనే ఉండదు. పదో తరగతి అయ్యాక రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన పిల్లలకు ‘ఈ రెండేళ్లు కష్టపడితే తర్వాత అంతా సుఖమే’ అంటారు. ఆ తర్వాత ప్లేస్‌మెంట్, ఆ తర్వాత వీసా. అమెరికా వెళ్లినవారికి గ్రీన్‌కార్డు వరస ఏళ్ల తరబడి కదలదు. ఇల్లు కొనడం, ఊరికి రావడం, అమ్మానాన్నలను చూసుకోవడం అన్నీ ‘ఆ కార్డు వచ్చాక’ అన్న మాట దగ్గర ఆగుతాయి. పోటీ పరీక్షల నోటిఫికేషన్ కోసం అద్దె గదుల్లో ఎదురుచూసే యువతీయువకులదీ ఇదే పరిస్థితి. బతుకు మొత్తాన్ని రేపటి మీద కట్టిన ఏర్పాటు ఇది. ఇందులో చిక్కుకున్నవారికి శ్వాసను గమనించడం కొంత ఊరట ఇస్తుంది. చదువుల ఒత్తిడిని, ఖాళీగా ఉన్న పోస్టులను అది మార్చదు.

ఆఫీసుల్లో ధ్యానం తరగతుల మీద విమర్శ కూడా ఇదే కోణంలో వస్తోంది. పన్నెండు గంటల షిఫ్టులు అలాగే ఉంచి, తట్టుకోవడం నేర్చుకోమని ఉద్యోగికి చెబితే భారం మోయాల్సిన భుజం మారిపోతుంది. పాత సంప్రదాయంలో సతి ఒంటరిగా లేదు. అష్టాంగ మార్గంలో అది ఏడోది. సరైన మాట, సరైన పని, సరైన జీవనోపాధి దానికంటే ముందున్నాయి. వాటిని పక్కన పెట్టి ఏడో మెట్టును మాత్రం అమ్మితే, ఎదుటివారి శ్రమను దోచుకుంటూ కూడా ప్రశాంతంగా ఉండటం సాధ్యమే అవుతుంది.

దుఃఖంలో ఉన్నవారికి ఈ మాట చెప్పవచ్చా

అయినవారిని పోగొట్టుకున్న మనిషితో ‘గతాన్ని వదిలెయ్, ఇప్పుడులో ఉండు’ అనడం ఈ బోధను వాడగలిగిన తీరుల్లో అన్నిటికంటే క్రూరమైనది. ఆ మనిషి వర్తమానంలో ఉన్నదే దుఃఖం. జ్ఞాపకం వచ్చినప్పుడు వచ్చిందని తెలియడం, గొంతు పట్టేసినప్పుడు పట్టేసిందని తెలియడం, ఏడుపు వస్తే ఏడవడం సతికి విరుద్ధం కాదు. దాన్ని తోసిపుచ్చి ప్రశాంతతను తెచ్చిపెట్టుకోవడమే ఉన్నచోటి నుంచి పారిపోవడం.

తెలుగు ఇళ్లలో తద్దినం రోజున జరిగేదాన్ని ఈ వెలుగులో చూడవచ్చు. పోయినవారి తిథి గుర్తుపెట్టుకుంటారు. ఆ పూట ఇంకే పనీ పెట్టుకోరు. కర్త నేల మీద కూర్చుని, వేలికి దర్భ చుట్టుకుని, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు ఒక్కొక్కటే పైకి చెబుతూ నువ్వులూ నీళ్లూ వదులుతాడు. పేరు చెప్పేటప్పుడు చెయ్యి, నోరు, మనసు ఒక్కచోటే ఉంటాయి.